పట్టుకోవద్దు... అలవాటు చేయండి

ఓపీలో కూర్చున్న డాక్టరుకు రక్త పరీక్ష రాయడం అర నిమిషం పని. చీటీ తీసుకుని ల్యాబ్‌కు వెళ్లడం, చెయ్యి చాపడం, దూది అదుముకుంటూ బయటికి రావడం చాలామందికి పావుగంట పని. కొన్ని ఇళ్లలో మాత్రం ఆ చీటీ నెలల తరబడి టీవీ పక్కన అలాగే పడి ఉంటుంది. డబ్బులు లేక కాదు, ల్యాబ్ దూరమై కాదు. చెయ్యి చాపాల్సిన మనిషి చాపడు కాబట్టి.

మేధో వైకల్యం, డౌన్ సిండ్రోమ్, ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ వంటి ఎదుగుదల సమస్యలతో పుట్టి, పెరిగి పెద్దవాళ్లయిన వారి సంగతి ఇది. సూది, బీపీ పట్టీ, పళ్ల డాక్టరు కుర్చీ, ఈసీజీ తీగలు... ఏదైనా సరే, వీరిలో చాలామందికి ఆసుపత్రి గుమ్మం చూస్తేనే వణుకు. ఏడుపు, అరుపులు, వెనక్కి పరుగు. ‘‘వాడు చేయించుకోడు డాక్టర్ గారూ, మీరే ఏదో ఒక మందు రాసేయండి’’ అనే మాట నేను తరచూ వింటుంటాను. ఆ మాట వెనక ఎన్నేళ్ల అలసట ఉందో తెలుసు. కానీ పరీక్ష లేకుండా రాసే మందు చీకట్లో రాయి విసరడమే.

ఈ భయం మొండితనం కాదు. అనుభవంతో నేర్చుకున్నది. అందుకే దాన్ని తగ్గించవచ్చు కూడా. అయితే బతిమాలితేనో బెదిరిస్తేనో తగ్గదు. నలుగురు కలిసి పట్టుకుంటే అసలే తగ్గదు, ఇంకా పెరుగుతుంది.

18 దాటితే అడిగేవారు లేరు

పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్ని పరీక్షించడానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. ప్రత్యేక పాఠశాలలో ఉన్నన్నాళ్లూ అప్పుడప్పుడు వైద్య శిబిరాలు జరుగుతాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్న పిల్లల డాక్టరు ఉంటారు. బడి వయసు దాటగానే ఇవన్నీ ఒక్కొక్కటిగా జారిపోతాయి. పెద్దల ఓపీకి వస్తే అక్కడ పెద్ద క్యూ. లోపలికి వచ్చాక మేం కూడా ముప్పై ఏళ్ల మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ‘‘బాబుకు ఏమైంది?’’ అని పక్కనున్న తండ్రిని అడుగుతాం. మా వృత్తిలో పాతుకుపోయిన అలవాటు ఇది.

ఈలోగా ఇంట్లో ఇంకొకటి జరుగుతుంది. ఆరేళ్లప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని చేతులు గట్టిగా పట్టుకుంటే ఎలాగో ఇంజెక్షన్ అయిపోయేది. ఇప్పుడు అబ్బాయి బరువు 78 కిలోలు. నాన్నకు 66 ఏళ్లు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. పట్టుకోవడం వాళ్ల వల్ల కాదు. అందుకే పరీక్ష వాయిదా పడుతుంది.

వాయిదా ఖరీదు చిన్నది కాదు. మేధో వైకల్యం ఉన్నవారి మరణాలపై ఇంగ్లండ్‌లో జరిగిన ఒక విచారణ నివేదిక 2013లో వెలువడింది. మిగతా జనాభాతో పోలిస్తే ఈ పురుషులు సగటున 13 ఏళ్లు, స్త్రీలు 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని అందులో తేలింది. రోగం కనిపెట్టడంలో, చికిత్స మొదలుపెట్టడంలో జరిగిన ఆలస్యాలు అందుకు ముఖ్య కారణాల్లో కొన్ని. అంత డబ్బు, అంత వ్యవస్థ ఉన్న దేశంలోనే ఇలా ఉంది.

ఆలస్యానికి భయం ఒక్కటే కారణం కాదు. ఏ లక్షణం కనిపించినా ‘వాడంతేలే’ అనుకోవడం ఇంకొకటి. తల గోడకేసి కొట్టుకుంటున్నాడంటే ఆటిజం అంటారు. నిజానికి అది పిప్పి పన్ను నొప్పి కావచ్చు, చెవిలో చీము కావచ్చు. అన్నం మానేస్తే అలిగిందంటారు. వారం రోజుల మలబద్ధకం కావచ్చు. నొప్పి అని చెప్పడం రానివారికి ప్రవర్తనే భాష. కొత్తగా వచ్చిన ప్రవర్తన ఏదైనా సరే, ముందు ఒంట్లో వెతకాలి.

తార్నాకలో ఓ ఇల్లు

తార్నాకలో నాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. అబ్బాయికి 31 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్. పొద్దున్నే పాల ప్యాకెట్లు తేవడం, పేపరు మడతపెట్టి నాన్న కుర్చీలో పెట్టడం, ఆ తర్వాత నాన్నతో కలిసి ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ వరకు నడిచి రావడం అతడి దినచర్య. ఏళ్లుగా తప్పలేదు. అలాంటిది ఒక ఏడాదిగా నడక మధ్యలో ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోతున్నాడు. పగలంతా నిద్ర. బరువు పెరిగింది, గొంతు బొంగురుపోయింది, చర్మం పొడిబారింది. పాల ప్యాకెట్ల పని మానేశాడు. బంధువు ఒకాయన, ‘‘వీళ్లకు మతిమరుపు తొందరగా వస్తుందట’’ అని ఎక్కడో చదివి చెప్పారట. అమ్మకు ఆ రోజు నుంచి నిద్ర లేదు.

బంధువు చెప్పింది పూర్తిగా తప్పేమీ కాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో అల్జీమర్స్ మిగతావారికంటే చాలా ముందు, కొందరిలో నలభైల్లోనే కనిపించవచ్చు. కానీ ఆ మాట అనే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. థైరాయిడ్ మందగించడం వీరిలో చాలా మామూలు. పైగా దాని లక్షణాలన్నీ ‘డౌన్ సిండ్రోమ్ అంటే ఇంతేగా’ అనిపించేలా ఉంటాయి. అందుకే ఏ లక్షణమూ లేకున్నా ఏడాదికోసారి, కనీసం రెండేళ్లకోసారి థైరాయిడ్ పరీక్ష చేయించమంటాం. దాంతోపాటు వినికిడి, చూపు, బి12, నిద్రలో శ్వాస ఆగడం, మనసు కుంగుబాటు కూడా చూడాలి.

ఇతడికి చివరిసారి రక్తం తీసింది ఎప్పుడని అడిగితే నాన్న కాసేపు లెక్కపెట్టి, ‘‘పద్నాలుగేళ్లు అయి ఉంటుంది సార్’’ అన్నారు.

చిన్నప్పుడు తీవ్ర జ్వరంతో ఒక ఆసుపత్రిలో చేర్చినప్పుడు, సెలైన్ కోసం నలుగురు మంచానికి అదిమి పట్టుకున్నారట. నరం దొరక్క అయిదుసార్లు గుచ్చారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ‘ఆసుపత్రి’ అనే మాటే నిషేధం. ఒకసారి బ్యాంకుకు వెళ్తున్నామని చెప్పి ల్యాబ్‌కు తీసుకెళ్లారు. అబ్బాయి రక్తం ఇవ్వలేదు సరికదా, ఆ రోజు నుంచి బ్యాంకుకు కూడా రానంటాడు. వైకల్య పింఛను ఖాతా పనికి వేలిముద్ర వేయాల్సి వచ్చినప్పుడు పడిన తిప్పలు వాళ్లకే తెలుసు.

పరీక్ష లేకుండానే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టవచ్చు కదా అని అమ్మ అడిగారు. కుదరదు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవారిలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. అవసరం తెలియకుండా థైరాక్సిన్ ఇస్తే ఆ గుండె మీద భారం పడుతుంది. అబ్బాయి నాడి, బీపీ, శ్వాస చూడటానికి నేను వాళ్లింటికే వెళ్లాను. బీపీ పట్టీ చూడగానే గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. మణికట్టు దగ్గర నాడి మాత్రం చూడనిచ్చాడు. ప్రమాదం ముంచుకొచ్చే సూచనలేవీ లేవు. అంటే మాకు కొన్ని వారాల సమయం ఉంది. మత్తులోకి జారుతుండటం, ఒళ్లు చల్లబడటం, ఆయాసం లాంటివి ఉంటే ఈ దారి పనికిరాదు, వెంటనే ఆసుపత్రికే వెళ్లాలి.

కుందేలు దగ్గరకొచ్చిన కథ

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1924లో ఒక చిన్న పిల్లవాడి గురించి రాశారు. వాడికి మూడేళ్లు కూడా నిండలేదు, కుందేలంటే భయం. పిల్లవాడు ఇష్టమైనది తింటుండగా బోనులో కుందేలును గదికి ఆ చివర పెట్టారు. ఏడవలేదు. తర్వాత ఇంకాస్త దగ్గరగా. ఇంకాస్త. చివరికి కుందేలును తానే నిమిరాడు. 1958లో జోసెఫ్ వోల్పే అనే వైద్యుడు ఇదే సూత్రాన్ని పెద్దల చికిత్సకు ఒక క్రమంగా అందించారు. సారాంశం ఒక్కటే. భయపెట్టే వస్తువును భయం పుట్టనంత దూరంలో మొదలుపెట్టాలి. మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే ఒక మెట్టు ఎక్కాలి. భయం పుట్టేలోపే ఆపాలి.

చివరి ముక్కే అన్నిటికన్నా ముఖ్యం. చాలామంది చేసే పని ఏమిటంటే, అబ్బాయి ఏడ్చేదాకా ప్రయత్నించి, ఏడవగానే వదిలేస్తారు. దానివల్ల అతడు నేర్చుకునేది ఒకటే, గట్టిగా ఏడిస్తే వదిలేస్తారని. బాగున్నప్పుడే ‘ఇవాళ్టికి చాలు, భలే చేశావు’ అని ఆపితే నేర్చుకునేది వేరు.

క్యాంపస్‌లో బీపీ బల్ల

మాకు తోడ్పడింది ఆసుపత్రి కాదు, నడక దారి. తెల్లవారగానే తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్ నుంచి ఎంతోమంది ఉస్మానియా క్యాంపస్‌కు నడకకు వస్తారు. అలాంటిచోట చిన్న బల్ల, రెండు కుర్చీలు వేసుకుని బీపీ, షుగర్ చూసేవాళ్లు ఉంటారు కదా. అక్కడ స్పిరిట్ వాసన గదిలో కమ్ముకుని ఉండదు, తెల్లకోటు ఉండదు, తలుపు మూయరు. చెట్టు కింద గాలి తగులుతుంటుంది. కావాలంటే లేచి వెళ్లిపోవచ్చు. భయం ఉన్న మనిషికి అన్నిటికంటే ధైర్యాన్నిచ్చేది ఆ చివరి సంగతే.

మొదటి నాలుగు రోజులు బల్ల పక్కనుంచి ఆగకుండా నడిచి వెళ్లడమే పని. తర్వాత పది అడుగుల దూరంలో ఆగి మంచినీళ్లు తాగడం. ఆ తర్వాత నాన్న కూర్చుని బీపీ చూపించుకుంటుంటే నిలబడి చూడటం. బల్ల దగ్గరి మనిషికి విషయం ముందే చెప్పి ఉంచారు. ఆయన అబ్బాయి వైపు చూడకుండా తన పని తాను చేసుకున్నారు. రెండో వారంలో పట్టీని నాన్న చేతికి అబ్బాయే కట్టాడు. గాలి కొట్టే బంతి అతడికి బాగా నచ్చింది. నాన్న బీపీ ఆ రోజు అయిదుసార్లు చూశారట!

మూడో వారంలో పట్టీ అతడి చేతికి చేరింది, గాలి కొట్టకుండా. ఆ తర్వాత రెండుసార్లు గాలి. తర్వాత నాలుగుసార్లు. ఈ దశలో ఒక సైగ నేర్పాం. అరచెయ్యి ఎత్తితే ‘ఆపు’ అని అర్థం. ఎత్తిన మరుక్షణం పట్టీ తీసేయాలి, ‘ఇంకొక్క నిమిషం నాన్నా’ అనకూడదు. మొదటి రెండు రోజులు అబ్బాయి పదేపదే చెయ్యెత్తి పరీక్షించాడు, నిజంగా ఆపుతారా లేదా అని. ఆపారు. మూడో రోజు నుంచి ఎత్తడం తగ్గిపోయింది.

ప్రతి మెట్టు తర్వాత ఒక బహుమతి. చాక్లెట్, బిస్కెట్ వద్దన్నాను, బరువు సంగతి ఉంది కదా. ఫోన్‌లో అతడికిష్టమైన పాత సినిమా పాట ఒకటి. ఇంకెప్పుడు అడిగినా ఆ పాట పెట్టరు. బీపీ బల్ల దగ్గర మాత్రమే. బహుమతి విలువ అలాగే నిలుస్తుంది.

సూది సాధన ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర. రోజూ ఒకే వేళ, ఒకే కుర్చీ, ఒకే మాటలు, అయిదు నిమిషాలకు మించకుండా. చేతికి కట్టే రబ్బరు పట్టీ మొదట రెండు అంకెలు లెక్కపెట్టేంత సేపు, తర్వాత అయిదు, పది. స్పిరిట్ దూది మొదట డబ్బాలోనే ఉంచి వాసన, తర్వాత నాన్న చేతి మీద, తర్వాత అతడి చేతి మీద. మోచేతి మడతలో వేలితో తట్టడం. మూత పెట్టిన పెన్నుతో నొక్కడం. సూది లేని సిరంజిని ఆనించడం. ఇవన్నీ ఫొటోలు తీసి వరుసగా ఫ్రిజ్ మీద అంటించారు. ఏది అయిపోతే దానికి తానే టిక్కు పెట్టాలి. మాటలు అంతగా రానివారికి బొమ్మల వరుస ఎంత ధైర్యమో చెప్పలేను. తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోవడమే వారికి సగం భయం.

చివరగా తార్నాకలో ఇంటి దగ్గరి ల్యాబ్. పొద్దున రద్దీలో కాదు, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు. వెళ్లి కుర్చీలో కూర్చుని వచ్చేయడం. మూడుసార్లు అంతే. నాలుగోసారి రక్తం తీయాలి. తీరా వెళ్తే ఆ రోజు కొత్త టెక్నీషియన్. సంగతి తెలియదు పాపం, అలవాటు కొద్దీ అబ్బాయి మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. అంతే, అబ్బాయి చెయ్యి లాక్కుని లేచిపోయాడు. నాన్న బలవంతం చేయలేదు. తానే అరచెయ్యెత్తి ‘ఆపు’ అని చూపించి, అబ్బాయిని తీసుకుని ఇంటికి వచ్చేశారు. ఆ రోజు పాట పెట్టారా అని అడిగాను. ‘‘కుర్చీలో కూర్చున్నాడు కదా సార్, పెట్టాను’’ అన్నారు. ఆ ఇంట్లో మంచి వైద్యుడు ఆయనే.

రెండు మెట్లు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టారు. తొమ్మిదో వారంలో రక్తం ఇచ్చాడు. టీఎస్‌హెచ్ 60 దాటి ఉంది. సాధారణంగా అది 4, 5 లోపు ఉండాలి.

మాత్ర పరగడుపున, కాఫీ టిఫిన్లకు కనీసం అరగంట ముందు. ఐరన్, కాల్షియం మాత్రలుంటే వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ రక్త పరీక్ష. అసలు పరీక్ష ఈ రెండోసారే, ఎందుకంటే సూది నొప్పి ఎలా ఉంటుందో ఇప్పుడు అతడికి తెలుసు. మధ్యలో సాధన మానొద్దని చెప్పాను. వారానికి రెండుసార్లయినా రబ్బరు పట్టీ, దూది, పాట. రెండో పరీక్ష అయిదు నిమిషాల్లో అయిపోయింది. పాల ప్యాకెట్ల పని మళ్లీ మొదలవడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

ఒక్కొక్కరికి ఒక్కో తీరు

ఓపీలో ఇంత సమయం ఎవరికుంది డాక్టర్ గారూ అంటారు. నిజమే, మా ఓపీలో లేదు. కానీ పైన చెప్పినదాంట్లో డాక్టరు చేసింది ఏముంది? పని అంతా నడక దారిలో, భోజనాల బల్ల దగ్గర జరిగింది. అయితే మెట్లు అందరికీ ఇవే కావు.

ఆటిజం ఉన్నవారిలో సూది కంటే ట్యూబులైటు మిణుకు, ఏసీ చప్పుడు, వెయిటింగ్ హాల్లో జనం, చర్మం మీద చల్లటి దూది ఎక్కువ బాధ పెట్టవచ్చు. మెల్లగా తాకితే చిరాకుపడి, కాస్త గట్టిగా అదిమితే నెమ్మదించేవారు ఉంటారు. ఏది భరించలేరో ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది, అది ముందే ల్యాబ్‌లో చెప్పాలి. సెరెబ్రల్ పాల్సీ ఉన్నవారికి హఠాత్తుగా తాకినా, పెద్ద చప్పుడైనా కండరాలు వాటంతటవే బిగుసుకుంటాయి. చెయ్యి చాపనిది సహకరించక కాదు, చాపలేక. వెనక ఆనుడు, కాళ్ల కింద పీట ఉండాలి, ప్రతి పని ముందు చెప్పాలి. మూర్ఛ మందులు వాడేవారికి ఈ సాధన మరీ అవసరం. వాల్‌ప్రోయేట్ వాడితే కాలేయం, ప్లేట్‌లెట్లు, కార్బమజెపిన్ వాడితే సోడియం మధ్య మధ్యలో చూడాల్సి వస్తుంది. ప్రవర్తనకు రిస్పెరిడోన్ వాడుతుంటే బరువు, షుగర్, కొలెస్ట్రాల్ మీద కన్నేసి ఉంచాలి.

సూది చూడగానే కళ్లు తిరిగి పడిపోయేవారు ఇంకో రకం. రక్తం, సూది భయంలో నాడి, బీపీ ఒక్కసారిగా పడిపోవడం దీనికి కారణం. దాన్ని మూర్ఛగా పొరబడటమూ ఉంది. వీరికి రక్తం పడుకోబెట్టే తీయాలి.

పరగడుపు సంగతి కూడా అడగండి. ఆకలితో ఉన్న మనిషిని భయపెట్టే చోటుకు తీసుకెళ్లడం కష్టాన్ని రెట్టింపు చేసుకోవడమే. థైరాయిడ్ పరీక్షకు, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు. మంచినీళ్లు బాగా తాగించి, చెయ్యి గోరువెచ్చగా ఉంచితే నరం తొందరగా దొరుకుతుంది. తిమ్మిరి కలిగించే లిడోకైన్-ప్రైలోకైన్ క్రీము మందంగా రాసి, పైన పట్టీ వేసి, గంట ఆగితే గుచ్చిన నొప్పి బాగా తగ్గుతుంది. అది అందరికీ సరిపడదు, డాక్టరును అడిగే వాడాలి. క్రీముకు, పట్టీ పీకడానికి కూడా ముందే అలవాటు చేయాలి సుమా!

మాటల్లో జాగ్రత్త. ‘నొప్పి ఉండదు’ అనొద్దు, అబద్ధమని అర నిమిషంలో తేలిపోతుంది. ‘చీమ కుట్టినట్టు ఉంటుంది, మూడు లెక్కపెట్టేసరికి అయిపోతుంది’ అనండి. మూడంటే మూడే. ‘అల్లరి చేస్తే డాక్టరు సూది పొడుస్తారు’ అని ఇళ్లలో పిల్లల్ని బెదిరించే అలవాటు ఉంది కదా, ఆ మాట విని పెరిగిన వారికి మేం ఎలా కనిపిస్తామో ఆలోచించండి.

‘ఆపు’ అనే హక్కు

ఒక సందేహం కొందరు తల్లులు సూటిగా అడుగుతారు. ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోవద్దని అమ్మాయికి ఇన్నాళ్లూ నేర్పాం, ఇప్పుడు కదలకుండా కూర్చోమని నేర్పితే ఎలా అని. చాలా సరైన ప్రశ్న. అందుకే ఆపు సైగ కేవలం సౌకర్యం కోసం కాదు. తాకే ముందు అడగాలి, వద్దంటే ఆపాలి, అమ్మో అక్కో పక్కన ఉండాలి, బట్టలు అవసరమైనంత మేరకే తీయాలి. ఈ షరతులతో కూడిన తాకడం వేరు, మిగతాది వేరు అని బొమ్మలతో నేర్పవచ్చు. రొమ్ము, గర్భాశయ పరీక్షల విషయంలో ఇంకా ముందు నుంచి, ఇంకా నెమ్మదిగా. అమ్మాయి విషయంలో ఆడ డాక్టరు కావాలని అడగడానికి మొహమాటపడొద్దు.

బలవంతం, మత్తు

అదిమి పట్టుకోవడం మనసుకే కాదు, ఒంటికీ ప్రమాదం. డౌన్ సిండ్రోమ్‌లో కొందరికి మెడ పైభాగంలో ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. పెనుగులాటలో మెడ విరుచుకుంటే వెన్నుపాము నలిగే ప్రమాదం ఉంది. బోర్లా అదమడం, ఛాతీ మీద బరువు వేయడం ఎవరికైనా ప్రాణాంతకమే.

‘మత్తిచ్చి చేసేయండి’ అనేది ఇంకో దారి. ఎమ్మారై స్కాన్‌కో, పెద్ద పళ్ల పనికో అది అవసరం కావచ్చు, తప్పు లేదు. అలాంటప్పుడు ఒకే మత్తులో రక్తం, చెవులు, కళ్లు కూడా చూసేయగలరా అని ముందే అడగండి. కానీ నిద్రమాత్ర ఇంట్లో మింగించి ల్యాబ్‌కు తీసుకెళ్లడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. నిద్రలో గురక, శ్వాస ఆగడం వీరిలో చాలామందికి ఉంటుంది. మత్తు పెరిగితే ఊపిరి ఆగవచ్చు. మత్తు డాక్టరు, ఆక్సిజన్, పర్యవేక్షణ ఉన్న చోటే ఆ పని జరగాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎలాగైనా సూది వేయక తప్పదు, వేస్తాం. ఆ తర్వాత సాధన మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలవుతుందని గుర్తుంచుకోవాలి.

అడగాల్సినవి

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 25వ సెక్షన్ వైద్యంలో వీరికి ప్రాధాన్యం ఇవ్వాలని చెబుతోంది. అంటే క్యూలో గంటలు నిలబడనక్కర్లేదు. ‘‘మావాడు ఎక్కువసేపు ఆగలేడు, ఏ వేళకు రమ్మంటారు?’’ అని ల్యాబ్‌కో ఓపీకో ముందే ఫోన్ చేయడం దయ కోరడం కాదు. నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ ఆరోగ్య బీమా ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. చేరడానికి ముందస్తు వైద్య పరీక్షలు అక్కర్లేదు, మన సందర్భంలో అది చిన్న సంగతి కాదు. అబ్బాయికో అమ్మాయికో 18 నిండితే తల్లిదండ్రులు చట్టప్రకారం వాటంతటవే సంరక్షకులుగా కొనసాగరు. పెద్ద ఆపరేషన్ సంతకం దగ్గర ఇబ్బంది రాకముందే జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలోని స్థానిక కమిటీని సంప్రదించండి.

ఇంట్లో సాధన సాగకపోతే, సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ ఉంది. ఒకప్పుడు ఎన్ఐఎంహెచ్ అనేవారు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. ప్రవర్తన చికిత్స తెలిసిన మనస్తత్వ నిపుణులు అక్కడ ఉంటారు. తార్నాక నుంచి పెద్ద దూరం కాదు.

ఒక అట్ట ముక్క మీద నాలుగు సంగతులు రాసి సంచిలో ఉంచండి. ఏమని పిలిస్తే పలుకుతాడు, నొప్పిని ఎలా చూపిస్తాడు, ఏది భరించలేడు, ఏది చూపిస్తే నెమ్మదిస్తాడు. వాడే మందులు, పడని మందులు వెనక వైపు. అర్ధరాత్రి క్యాజువాలిటీకి వెళ్లాల్సి వస్తే, డ్యూటీలో ఉన్న డాక్టరుకు లావుపాటి ఫైలు కంటే ఆ అట్టే ఎక్కువ పనికొస్తుంది.

తార్నాక నాన్న ఇప్పుడు పళ్ల పని మొదలుపెట్టారు. కింది దవడలో రెండు పళ్లు పుచ్చాయి. బ్రష్ వెనక భాగం నోట్లో పెట్టనిస్తున్నాడట, చిన్న అద్దం కూడా మూడు అంకెల సేపు. డ్రిల్లు చప్పుడు ఫోన్‌లో సన్నగా వినిపించడం ఇంకా మొదలవలేదు.